చిల్లర బాకీ

అట్ట ఊడిపోయింది. మొదటి పదకొండు పేజీలు లేవు.
అందుకే ఆ నవల పేరేమిటో నాకు తెలీదు.
పన్నెండో పేజీ తెరిచేసరికి ఎవడో అప్పటికే పడవెక్కి ఉన్నాడు.
ఎందుకెక్కాడో చెప్పాల్సిన పేజీ
ఏ పకోడీల పొట్లమైందో.

"దీన్ని రిజిస్టర్లో ఏమని రాయమంటావమ్మా?"
అన్నారు లైబ్రరీలో దాలినాయుడు గారు.
కాసేపు పెన్ను ఝాడించి, తనే
'పడవ' అని రాసుకున్నారు.

డిగ్రీ చేతికొచ్చి పద్నాలుగు నెలలు.
రసాయనశాస్త్రం, డెబ్బై ఒక్క శాతం.
ఇప్పుడు విజయనగరం కంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర
పేరు, వయసు, ఊరు, ఏ కన్ను.
గంట్యాడ, కుడి.
దత్తిరాజేరు, ఎడమ.
గుర్ల, రెండూ.
జిల్లా అంతా నా వేళ్ల కిందనుంచే నడిచి వెళ్తుంది.
నేను మాత్రం కోటకీ మూడు లాంతర్లకీ మధ్య
గాలి తగ్గిన సైకిలు మీద.

గదిలో దమయంతి గ్రూప్ టూకి చదువుతోంది.
గోడ మీద నదుల పట్టిక అంటించింది:
పుట్టిన చోటు, కలిసే చోటు, పొడవు.
"చంపావతి లేదేమే?" అంటే
"అది పరీక్షలో రాదు" అంది, తల తిప్పకుండా.

నూట నలభై ఆరో పేజీలో దొరికింది బస్సు టికెట్టు.
ఉల్లిపొర కాగితం, వెలిసిన గులాబీ రంగు,
రెండున్నర రూపాయలది.
వెనక ఎర్ర సిరాతో కండక్టరు గిలుకుడు:
మెంటాడ. ఏడున్నర ఇవ్వాలి.
అడగడం మర్చిపోయి దిగిపోయారెవరో.
మర్చిపోరా మరి?
నూట నలభై ఆరులో పడవ మునుగుతోంది.

ఆదివారం పొద్దున్న దమయంతికి గుడికని చెప్పాను.
ఊరికే వెళ్తున్నానంటే
ఆడపిల్ల మాట ఎవరు నమ్ముతారు?

గజపతినగరంలో బస్సు మారాను.
కొత్త కండక్టరుకి పాత టికెట్టు చూపించాను.
వెలుగుకి ఎత్తి పట్టుకుని చదివాడు.
"ఇది రాసినోడు ఈపాటికి రిటైరైపోయుంటాడమ్మా.
వడ్డీ కూడా కావాలేటి?"
బస్సంతా నవ్వింది.
అరటి గెలతో ఎక్కిన ముసలాయన
సంగతేంటో తెలీకుండానే అందరికంటే గట్టిగా నవ్వాడు.
నా చిల్లర మాత్రం వెంటనే ఇచ్చేశాడు,
రెండుసార్లు లెక్కపెట్టి.

మెంటాడలో చూడ్డానికేముంది?
ఎరువుల కొట్టు. షట్టరు దించిన సెల్లు రిపేరు షాపు.
ఏటీఎం నీడలో ఒక గేదె.
కొండలు మాత్రం, పలకరిస్తే పలికేంత దగ్గర.
"ఎవులింటికొచ్చినావమ్మా?" అంది టీ కొట్టు గవరమ్మ.
ఈ ఊరి పేరు ఎన్ని వందలసార్లు టైపు చేశానో,
చెప్పడానికి ఒక్క ఇంటి పేరు లేదు.
"ఎవరింటికీ కాదు. చదువుతూ చదువుతూ వచ్చాను."
"ఓలమ్మ, టీచరమ్మవా!"
అల్లం ఎక్కువేసి ఇచ్చింది.
డబ్బులు పుచ్చుకుంది లెండి.

తర్వాత ఏరు దాకా నడిచాను.
చీలమండలు తడిసేంత నీళ్లు.
పరీక్షలో రాని నది.
ఇసుకలో చెలమ తవ్వి ఒకామె
లోటాతో బిందె నింపుతోంది, తొందర లేకుండా.
ఇక్కడ ఏ పడవా మునగదు.
కానీ ఆ టికెట్టు మనిషి
ఈ ఒడ్డునే ఇంటికి నడిచి ఉంటుంది,
చెప్పుల్లో ఇసుక,
చంకలో సగం మునిగిన పడవ.
(ఆమె అనుకుంటున్నాను. మగవాడైతే
ఏడున్నర కోసం బస్సు ఆపేవాడు.)

పుస్తకం ఇంకా తిరిగివ్వలేదు.
గడువు దాటి ఆరు రోజులు.
నూట నలభై ఏడు తిప్పబుద్ధి కావడం లేదు.

సోమవారం. ఎడమ కన్ను, అరవై రెండేళ్లు, మెంటాడ.
వేళ్లు ఆగాయి.
"మీ ఇల్లు ఏటికి ఇవతలా, అవతలా?"
కట్టు లేని కన్నుతో ఆమె నన్ను కాసేపు చూసింది.
"అవతల. చింతచెట్టు కాడ.
నీకేటి తెలుసు గుంటా, మా ఏరు?"
ఫారంలో ఆ గడి లేదు.
వెనక వరసలో ఎవరో దగ్గారు.