ఆలస్యంగా వచ్చే చప్పుడు

బెహరా తిలోత్తమ చేతి దెబ్బలు
ముప్పై ఒక్క ఏళ్లు తిన్న చెంప ఇది.
ఆమె చెయ్యి గాలిలోనే తిరిగేది,
చప్పుడు మాత్రం నాది:
వీపు వెనక రెండు అరచేతులు.

పర్లాకిమిడిలో ఒకే మాటకి రెండుసార్లు నవ్వేవారు.
తెలుగు ముక్కకి ముందు బెంచీలు,
ఒడియా ముక్కకి వెనక బెంచీలు,
రెండూ వచ్చినవాళ్లు ఊపిరాడక నేలమీద.

రేషను క్యూలో ముసలమ్మ,
గుణుపురం రైల్లో టిక్కెట్టు లేని పెళ్లికూతురు,
మీసం అంటిస్తే దారోగా.
మీసం ఉండేది పాత పౌడరు డబ్బాలో.
పది నిమిషాలకి నూటపాతిక, ఉప్మా వేరే.

హైదరాబాదు టీవీ వాళ్లన్నారు,
అమ్మా, నీ తెలుగు ఒడియా వాసనేస్తోంది.
కటకం వాళ్లన్నారు, నీ ఒడియా తెలుగు వాసనేస్తోంది.
తిరిగొచ్చి ముక్కు మూసుకుని
అదే స్కిట్టు కట్టింది కాశీనగర్ సంతలో.
ఆ రాత్రి రంగు తుడుచుకుంటూ ఏడ్చిన సంగతి
ఎవరికీ చెప్పొద్దంది.
చెప్పేశాను.

ఒకసారి రాయగడలో
చీమ కుట్టి కాలు గోక్కుంటున్నాను.
దెబ్బ పడింది. చప్పుడు లేదు.
తన అరచెయ్యి చూసుకుంది, ఊదింది,
గడియారం లేని మణికట్టుకేసి చూసింది.
అప్పుడు కొట్టాను.
పందిరి కూలేంత నవ్వు.
ఇక ఆ ఆలస్యాన్నే ఏళ్ల తరబడి ఆడాం.

మొన్న, రథయాత్ర ముందురోజు, పోయింది.
మహేంద్రతనయ ఒడ్డున అందరూ నావైపే చూశారు,
ఏదో అంటానని.

చేతులు రెండూ వీపు వెనకే ఉన్నాయి.
ఇంకా కలపలేదు.