చిక్కు

మే నెలాఖరు. రాత్రి పదకొండయినా
లోఫోటెన్ దీవుల్లో సూర్యుడు
కొండ దిగనని మొండికేస్తాడు.
ఎండుచేపల పందిళ్ల కిందుగా గాలి
ఉప్పునీ కవుసునీ కలిపి తోలుకొస్తుంది.
నా కుర్చీ కాళ్ల దగ్గర బూడిదరంగు నురుగు:
లుర్వ్ చలికాలాన్ని విప్పేస్తున్నాడు.

లుర్వ్ అంటే జులపాలవాడు.
పన్నెండేళ్లుగా ఇదే వరస.
మంచు పడేవేళకి మెడ చుట్టూ కాలరు,
వెనక కాళ్లకి లాగు,
వేళ్లసందుల్లో కుచ్చులు.
పైపొర మీద వాన నిలిచేది కాదు,
లోపొర దూదిపింజ.
ఎండ ముదిరితే గుప్పెళ్లుగా ఊడొచ్చేది,
పిచ్చుకలు ఏరుకుపోయి గూట్లో పరుచుకునేవి.
నేను దువ్వెన పట్టిందే తక్కువ.
వాడి నాలుకే వాడికి దువ్వెన,
పూటపూటా ఇస్త్రీ.

ఈ ఏడు అలా కాదు.
నడుం మీద, తోక మొదట్లో,
బొచ్చు ఊడదు, నిలవదు,
తడిసిన కంబళి ముక్కలా ముద్దకట్టింది.
ముందు సగం మాత్రం ఎప్పటిలా నిగనిగ.
ఎవరో గీత గీసినట్టు
ఇవతల తోట, అవతల తుప్ప.

హాల్దిస్ కంచె మీంచి చూసి
"ఓద్వార్, కత్తెర ఇమ్మంటావా?" అంది.
వద్దన్నాను.
నలభై ఏళ్లు వలలు బాగుచేసినవాణ్ని,
ముడిని కోసే తొందరలో వలనే కోసినవాళ్లని చూశాను.
పిల్లి చర్మం ఉల్లిపొర.
ముద్దతో పాటే పైకి లేస్తుంది,
ఏది బొచ్చో ఏది ఒళ్లో
కత్తెరకి తెలియదు.
"పోనీ స్నానం చేయించు."
తడిస్తే ముడి బిగుస్తుందని
జాలరి ఇంట పుట్టినావిడకి నేను చెప్పాలా!
"అయితే కాడ్ లివర్ నూనె పట్టు, మెరుస్తాడు."
సీసా తెచ్చి గట్టు మీద పెట్టి పోయింది.

ఒళ్లో పడుకోబెట్టుకున్నాను.
చిటికెడు మొక్కజొన్న పిండి చల్లి,
లాగినా నొప్పి చర్మం దాకా పోకుండా
మొదట్లో రెండువేళ్లతో అదిమిపట్టి,
చివర్నించి మొదలుపెట్టాను.
ముడి నడుమకి నేరుగా పోకూడదు,
వదులు పోగు దొరికేదాకా తడమాలి.
ఒక పోగు.
ఇంకోటి.
తోక టపామని కొట్టాడు. ఆపేశాను.
కాఫీ తాగొచ్చాను.
మళ్లీ ఒక పోగు.
రోజుకొక ముద్ద, అంతకు మించితే అత్యాశ.

మూడో రోజు ముద్ద విడిన చోట
వేళ్లకి వెన్నెముక తగిలింది,
పూసపూసా,
వల అంచు తాడుకి కట్టిన బెండ్లలా.
ఎప్పుడు చిక్కిపోయాడు వీడు?
నేను చిక్కులే చూస్తున్నాను.

ఆ సాయంత్రం పని మానేసి వాణ్నే చూస్తూ కూచున్నాను.
నాక్కుందామని వెనక్కి తిరుగుతాడు,
సగంలో ఆగి
ఏదో మరిచిపోయినట్టు కిటికీ వంక చూస్తాడు.
బద్ధకం అనుకున్నానిన్నాళ్లూ.
నడుం తిరగడం లేదు వాడికి.

మంగళవారం పడవలో డాక్టరమ్మ దిగింది.
బొచ్చు ఎదురుదువ్వి చూసింది,
ఈగలూ పేలూ లేవు, కాస్త చుండ్రు.
నోరు తెరిపించింది: దవడపన్ను ఒకటి పుచ్చింది.
తుంటి మెల్లగా మడిచింది.
అంతదాకా ఊరుకున్నవాడు మూలిగాడు.
"బొచ్చుకేం జబ్బు లేదు,
లోపలి సంగతి బయట రాసిపెట్టింది, అంతే."
పన్ను తీయాలంది. కీళ్లకి మందిచ్చింది.
రక్తం చిన్న సీసాలో పట్టుకుంది,
ఫలితం వచ్చే వారం.
వెళ్తూ వెళ్తూ గట్టు మీది నూనె చూసి
"ఇది ఎక్కువైతే ఎముకలకే చేటు,
మీరే తాగండి" అని నవ్వింది.

ఇప్పుడు పని పంచుకున్నాం.
గీత దాకా వాడు,
అక్కణ్నించి నేను, రోజూ పది నిమిషాలు,
వెడల్పు పళ్ల దువ్వెనతో.
నిన్న నడుం దువ్వుతుంటే
నా మణికట్టు వాడి వాటాలోకి వచ్చిందనుకున్నాడో ఏమో,
తల తిప్పగలిగినంత తిప్పి
గరుకు నాలుకతో నాలుగుసార్లు నాకాడు,
నలభై ఏళ్ల చేపల వాసన
ఇవాళైనా వదులుతుందేమోనన్నట్టు.