రెండు వేల దగ్గర

మా ఆయన కోటిలింగం పసుపు చీటీ మీద రాసి
స్టీరింగ్ పక్కన అంటించాడు:
పది మైళ్లకు రెండు, ఇరవైకి మూడు,
ముప్పైకి నాలుగు, ఆపైన నీ ఇష్టం.
డీజిల్ బండి గదా, ముల్లు రెండు వేలు దాటనివ్వకు.

ముల్లు చూస్తే రోడ్డు కనపడదు.
రోడ్డు చూస్తే ముల్లు కనపడదు.
షెఫీల్డ్‌లో, వాక్లీ ఎత్తు మీద, వానలో,
పాత ఆస్ట్రా మూడో గేరులో
పొలమారినట్టు గుడగుడలాడి
నడిరోడ్డున చచ్చింది.
వెనక బస్సు. బస్సు నిండా జనం.
ఆగిపోతే ఏం చెయ్యాలో చీటీలో లేదు.

డెరెక్ ఆలరెన్‌షా కసరలేదు.
డెబ్భై రెండేళ్లు. బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి
ఇప్పుడు గంటకు ఇరవై ఎనిమిది పౌండ్లకు
నాలాంటి వాళ్ల పక్కన కూచుంటాడు.
అందరినీ లవ్ అనే పిలుస్తాడు,
నన్నూ, పార్కింగ్ చీటీలు రాసే మనిషినీ, మొరాయించిన బండినీ.
మా ఆయన చీటీ పీకి, మడిచి, కోటు జేబులో వేసుకుని
"నువ్వేం పని చేస్తావు లవ్?" అన్నాడు.

బట్టలు కుడతాను.
హిల్స్‌బరోలో చిన్న కొట్టు.
ప్యాంట్లు పొట్టి చేస్తాను,
పెళ్లి గౌన్లకు నడుము వదులు చేస్తాను.

"మిషన్ కింద జీన్స్ అంచు వస్తే?"

మిషనే చెబుతుంది, అన్నాను.
నాలుగు మడతలు కలిసేచోట
చప్పుడు బరువెక్కుతుంది, సూది విరగకముందే.
అప్పుడు పెడల్ వదిలేసి
చక్రం చేత్తో తిప్పుతాను, ఒక్కో కుట్టూ.

"మరింకేం, ఈ ఎత్తూ జీన్స్ అంచే."

ఆ రోజు నుంచి చెవితో నడిపాను.
డీజిల్ కీచుమని మొరపెట్టుకోదు.
లోగొంతుతో సణుగుతుంది పదిహేను వందల దగ్గర,
ఇంకాస్త తొక్కితే టర్బో నిద్రలేచి
ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించి తోసినట్టు.
ఆ తోపు ఆఖరయ్యేచోట క్లచ్చి.
ఆ తర్వాత ఉండేదంతా వట్టి అరుపు.
తొందరపడి పై గేరుకు పోతే
పస్తున్నవాడి నెత్తిన మూట పెట్టినట్టు
బండంతా వణుకుతుంది.
కింది గేరు మాత్రం ఎత్తు కంటే ముందు పడాలి.
ఎత్తులో వెతుక్కుంటే
దొరికేది వెనక బస్సువాడి హారనే.

పదకొండో పాఠం. ఊరు దాటి మూర్ల మీదికి.
ఆయన ఎడమ చెయ్యి ఎప్పట్లాగే డాష్‌బోర్డు మీద.
నా డ్రైవింగుకి భయమనుకునేదాన్ని.
ఆ సన్నటి ఈల ఏమిటి డెరెక్, టర్బోదేనా, అన్నాను.

"ఏ ఈల?"

కాసేపు గొర్రెలు తప్ప ఏమీ రాలేదు రోడ్డు మీదికి.
తర్వాత చెవి వెనక మిషను తట్టి చూపించాడు.
"ఇది మనుషుల మాటలు వడగట్టి ఇస్తుంది.
ఇంజన్లను పారబోస్తుంది.
నాకు కావలసింది పారబోస్తుంది లవ్."
అరచెయ్యి డాష్‌బోర్డు మీదనుంచి తియ్యలేదు.
"ఇప్పుడు నాలుగు," అన్నాడు.
నా చెవీ అదే మాట అంటోంది.
అక్కడినుంచి ఇంటిదాకా
ఇంజను ఎట్లా మోగుతోందో ఆయనకు నోటితో చేసి వినిపించాను.
ర్ర్ర్ అన్నాను, హూఁ అన్నాను,
సిగ్నల్ దగ్గర పక్క కారువాడు అద్దం దించి చూశాడు.

రెండోసారికి పాసయ్యాను.
కోటిలింగం ఇప్పటికీ పక్కన కూచుని ముల్లే చూస్తాడు.
"రెండు వేల రెండొందలు," అంటాడు.
ఎత్తు వస్తోంది, అంటాను.

మొన్న మార్చిలో డెరెక్ కోటు నా కొట్టుకే వచ్చింది,
లోపలి గుడ్డ మార్చమని.
చిరిగిన జేబులో, బస్ టికెట్టు కింద,
మా ఆయన అక్షరాలు, పసుపు వెలిసి.
జేబు కుట్టి చీటీ మళ్లీ అందులోనే పెట్టాను.
పద్దెనిమిది పౌండ్లు తీసుకున్నాను.
ఆయన తీసుకోలేదా ఇరవై ఎనిమిది?