ఏమీ మొలవలేదు

పుంటా అరేనాస్ ఆస్పత్రి నాలుగో అంతస్తు.
జలసంధి మీంచి వచ్చే గాలి
కిటికీ అద్దాన్ని భుజంతో నెడుతూనే ఉంటుంది.
వార్డు గుమ్మంలో తొట్టి,
మోకాలితో నొక్కే కుళాయి,
ఎదురుగా సెకన్ల ముల్లున్న గడియారం.
మోచేతుల దాకా నలభై సెకన్లు.

గొర్రెల ఉన్ని కత్తిరించేవాణ్ణి నేను,
పందొమ్మిదేళ్ళుగా.
ఉన్ని జిడ్డు ఇంకిన ఈ చేతుల మీద
నీళ్ళు నిలవవు, పూసల్లా జారిపోతాయి.
మొదటిరోజు ఎంతసేపు రుద్దానో.
"చర్మాన్నయినా మిగుల్చుకో ఎలాదియో"
అంది నర్సు యాస్నా, నవ్వకుండా.

ముప్ఫై మూడు వారాలకే వచ్చేసింది నా కూతురు.
పద్దెనిమిది వందల గ్రాములు.
ఒక్క గొర్రె ఒంటి మీది ఉన్ని
దీనికి రెండింతలు తూగుతుంది.
పేరింకా పెట్టలేదు,
గాజుపెట్టె అట్ట మీద
"బార్రియా, ఆడ" అని మాత్రం ఉంది.

మంగళవారం
మూడో పెట్టెకి పసుపు కార్డు కట్టి
గోడవారకి జరిపారు.
ఏమిటని అడిగితే
"ఏదో చిన్న క్రిమి, విడిగా ఉంచాం, అంతే" అన్నారు.
మందలో ఒకదానికి గజ్జి తగిలితే
మిగతావాటి సంగతి ఏమవుతుందో తెలిసినవాణ్ణి,
ఆ రాత్రి కుర్చీలో కళ్ళు మూతపడలేదు.

తెల్లారి నోటుబుక్కు తెరిచాను,
గొర్రెల లెక్క రాసుకునేదే.
*పొద్దున 6:10. పొడుగు డాక్టరు. పన్నెండు సెకన్లు.*
*7:35. తుడిచే ఆమె. గ్లవ్స్ మార్చలేదు.*
*9:00. యాస్నా. చూడలేదు. కడిగిందో లేదో.*

నోల్ఫా చక్రాల కుర్చీలోంచి చూసి
"చేతులు సరే,
నీ చూపు కూడా ఒకసారి కడుక్కో" అంది.
నేను వినలేదు.
వెళ్ళి యాస్నాని అడిగేశాను, అందరి ముందే.

ఆమె ఏమీ అనలేదు.
రెండు చేతులూ తిప్పి చూపించింది.
కణుపుల దగ్గర పగుళ్ళు, పగుళ్ళలో ఎరుపు,
ఉప్పునేల ఎండలో బీటలు వారినట్టు.
"షిఫ్టుకి ఎనభైసార్లు," అంది,
"లెక్క తప్పితే రాసుకో."

ఆ మధ్యాహ్నమే
పాప నిద్రలో నోరు సున్నాలా చుట్టింది.
ఫోను తీసి ఫోటో కొట్టాను.
కన్నంలోంచి వేలు పెట్టాను.
పట్టుకుంది. వదల్లేదు.
సాయంత్రానికి
రెండుసార్లు ఊపిరి మరిచిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోను.
ఉన్ని షెడ్డులో, ఫెర్రీ డెక్కు మీద, చెమట జేబులో తిరిగిన ఫోను,
మా కుక్క నాకిన ఫోను.
బుక్కులో చివరి వరస నేనే రాశాను:
*4:20. తండ్రి. కడిగాడు. ఫోను ముట్టాడు. మళ్ళీ కడగలేదు.*

యాస్నాకి చదివి వినిపించాను.
"అదే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు.
వెళ్ళి కడుక్కుని రా,
దానికి నీ వేలు కావాలి."
అంతకుమించి ఓదార్చలేదు.

చెంచాడైనా లేని నెత్తురు తీసి
సీసాలో వేసి వెచ్చగా పెట్టారు.
రెండు రోజులు ఆగాలన్నారు.
క్రిమి ఉంటే అందులో మొలుస్తుందట.
మా అన్న బంగాళాదుంపలు వేస్తాడు.
మొలక కోసం మట్టిని గోటితో గీరి చూడటం తెలుసు.
మొలవొద్దని కాచుక్కూచోవడం
ఎవరూ నేర్పలేదు.

శుక్రవారం పొడుగు డాక్టరు వచ్చాడు.
తొట్టి దగ్గర ఆగాడు. నేను లెక్కపెట్టలేదు.
"ఏమీ మొలవలేదు" అన్నాడు.
మా ఇంట్లో ఆ మాటంటే
ఏడాది పొడుగునా పస్తు.
నోల్ఫా నా చొక్కా పట్టుకుని ఏడ్చింది,
నవ్వు కూడా అందులోనే ఎక్కడో.

పోర్వెనీర్ నించి తెప్పించి
ఉన్ని జిడ్డు డబ్బా యాస్నాకిచ్చాను.
డ్యూటీలో పూసుకోకూడదు, ఇంటికెళ్ళాక చూస్తానంది.
బ్యాగులో వేసుకుంది మాత్రం.

మూడో పెట్టెకి పసుపు కార్డు ఇంకా ఉంది.
ఆ తల్లి తొట్టి దగ్గర నా పక్కనే నిలబడింది.
మా సంగతి విన్నట్టుంది,
ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.
కొంచెం జరిగి కుళాయి ఆమె వైపు వదిలాను.
ఇద్దరం గడియారం కేసి చూస్తూ
రుద్దుకున్నాం.
ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.
ఆమె ఆపలేదు.
నేనూ ఆపలేదు.