తడి బొటనవేలు

మొదటి రోజు నేను రాసుకెళ్ళిన వాక్యం ఇది:
"నాణ్యతకు నిలువుటద్దం, నమ్మకానికి మారుపేరు."
ఏసుపాదం గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
రెండుసార్లు చదివారు.
"బాగుందండి. చీరల కొట్టుదా?"

ఆకివీడులో కాలవ గట్టున రేకుల షెడ్డు.
లోపల వార్నిష్ ఘాటు,
పొట్టలు విప్పిన మోటార్లు,
మాడి నల్లబడ్డ రాగి తీగ చిక్కులు చిక్కులుగా.
నన్ను కూర్చోబెట్టింది ఖాళీ తీగ డ్రమ్ము మీద.
"ఫోన్లో వెతికితే మన కొట్టు రావాలండి, అంతే."
ఆ "అంతే"లోనే ఉంది
నా నెల రోజుల పని.

వచ్చేవాళ్ళు ఏమడుగుతారు? అన్నాను.
"ఏమడుగుతారండి. తిరగట్లేదంటారు."

సువార్త గారు ఏమీ అనకుండా
ఫోను పక్కనుండే నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.
పదకొండేళ్ళ ఫోన్లు.
ఎవరేమంటే అది, అన్నది అన్నట్టే.
"మళ్ళీ అడిగితే విసుక్కుంటారండి, అందుకని."

కాళ్ళకూరు. రెండు హెచ్‌పీ. గుర్రుమంటంది గాని తిరగట్లేదు.
సిద్ధాపురం. కాలిన కంపు. చెయ్యేస్తే సుర్రుమంది.
ఏరేటరు ఆగి అరగంట. రొయ్య పైకి తేలతంది. గమ్మున రమ్మన్నాడు.
కొల్లేటి వైపు. పేరు చెప్పలేదు. ఏడుస్తున్నాడు.

పుస్తకం మూసి
నా నిలువుటద్దాన్ని నాలుగు మడతలు పెట్టి
సంచిలో వేసుకున్నాను.

తెల్లారగట్ల మూడింటికి చెరువు గట్టు మీద
నాణ్యత కోసం ఎవడు వెతుకుతాడు?
ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో ఫోను,
సిగ్నలు ఒకటే గీత,
తడి బొటనవేలు తెర మీద జారి జారి
తప్పుల్తో కొడుతుంది:
ఏరేటర్ ఆగిపొయంది ఆకివీడు

నేను జవాబు చెప్పాల్సింది
ఆ వేలికి.

తిరిగే బొమ్మలు తీసేశాను, అంత సేపు రొయ్య ఆగదు.
శాలువాతో ఏసుపాదం గారి ఫొటో కిందికి దించాను
(రెండు రోజులు నాతో మాట్లాడలేదు).
పైన, ముందుగా, పెద్దక్షరాల్లో:

ఏరేటర్ ఆగిపోయిందా?
ముందు మెయిను కట్టేయండి. నీళ్ళలో చెయ్యి పెట్టకండి.
ఈ నంబరుకి ఫోను చేయండి. రాత్రయినా ఎత్తుతాం.
అరువు మోటారు తెచ్చి బిగిస్తాం. మీది మూడో రోజుకి.
వంతెన దిగగానే ఎడమ పక్క, నీలం రేకులు.
జనరేటర్లు చేయం.

"చేయం అని మనమే రాసుకుంటే ఎలాగండి?"
అన్నారాయన.
"అర్ధరాత్రి జనరేటరు బండికెత్తుకుని
వాడు ఇంత దూరం వస్తే ఎలాగ?"
అంది సువార్త గారు, తల ఎత్తకుండా, తీగ చుడుతూ.

ఊరి పేరు జనం నాలుగు రకాలుగా కొడతారు,
ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో మూడు.
అన్నీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి,
పేజీ అడుగున పెట్టాను.
ఎక్కువ పెడితే అది పిలుపు కాదు, కేక.

రాసింది మొత్తం ఆవిడకి చదివి వినిపించాను.
ఒక్క మాట దగ్గర ఆపింది.
"మరమ్మత్తు అంటే మాకు తెలుసండి.
కంగారులో ఉన్నోడికి నోరు తిరగదు. బాగు అనండి."
బాగు అన్నాను.

ముప్పై ఎనిమిది రోజులకి మళ్ళీ వెళ్తే
పుస్తకంలో ఒక కొత్త ఊరు,
అంతకుముందు ఏ పేజీలోనూ లేనిది.
రెండు నలభై. గుర్రుమంటంది. ఇద్దరం వెళ్ళాం. నిలబడింది.

మన పేజీ చూసే చేశాడా? అని అడిగాను,
గొంతులో ఆశ దాచుకోలేక.

"అడగలేదండి" అంది సువార్త గారు.
"అడిగే టైమా అది?"