బోర్లించిన గిన్నె

ఫర్వానియాలో మారిసెల్ గది.
రెండు వారాలకో శుక్రవారం
మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా, ఆరు గంటలు మావి.
బియ్యం డబ్బాకి ఆనించిన ఫోనే సినిమా హాలు.
నలుగురం, ఒక్క మంచం.
సినిమా ఏ భాషదైనా
కింద పరిగెత్తే అక్షరాలు అరబ్బీవి.
కోయిటొచ్చి తొమ్మిదేళ్ళు, మాట వచ్చింది గానీ
రాత ఇంకా చీమలు పాకినట్టే నాకు.

అందుకని కథని కంచం దగ్గర పట్టుకుంటాను.
ఎవరు ఎవరికి వడ్డించారు,
ఎవరు మారు అడగలేదు,
ఎవరు సగంలో చెయ్యి కడిగేసుకున్నారు,
అది చాలు. ఆ కాపురం నిలబడుతుందో లేదో చెప్పేస్తాను.
"సువార్త జోస్యం" అని నవ్వుతుంది కుముదిని.
తప్పింది ఒక్కసారే.
అందులో అందరూ హోటల్లో తిన్నారు.

కొరియా సినిమాలో ఒకావిడ
క్యాబేజీ ఆకు ఆకుకీ కారం రాస్తూ రాస్తూ
మణికట్టుకి నాలిక ఆనించి ఉప్పు చూసింది.
మా మేనత్త దీనమ్మ అక్కడే చూసేది.
వేళ్ళు కారం, అరచెయ్యి కారం,
శుభ్రంగా మిగిలేది ఆ కాస్త చోటే.

జపాను సినిమాలో, తండ్రిని సాగనంపి వచ్చిన కొడుకు
చల్లారిన అన్నంలో వేడి వేడి టీ పోసుకున్నాడు.
"ఛీ, అన్నంలో టీ ఏంటి!" అన్నాను.
దిల్‌మాయ నా వంక జాలిగా చూసింది.
వాళ్ళ కొండల మీద టీలో ఉప్పూ వెన్నా వేస్తారట.
"నువ్వు గంజిలో మజ్జిగ కలుపుకుంటావు,
నేనేమైనా అన్నానా?"
నిజమే. అనలేదు.

ఈ శుక్రవారం మారిసెల్ వాళ్ళ సినిమా.
పెద్దింటి భోజనాల బల్ల, మధ్యలో పొగలు కక్కే పులుసు.
"సంపాలోక్!" అని మంచం మీంచి లేచింది మారిసెల్.
"సియంబలా," అంది కుముదిని.
చింతపండే, అన్నాను నేను.
అరబ్బుల నోట దాని పేరు హిందూ దేశపు ఖర్జూరం.
అంత పులుపుకి ఎవరు పెట్టారో ఆ తియ్యటి పేరు,
మా మేడమ్ నన్ను సారా అని పిలిచినట్టు.

పులుసు మోసుకొచ్చిన మనిషి
అందరికీ వడ్డించి,
వంటింటి తలుపు భుజంతో తోసుకుని లోపలికెళ్ళింది.
తలుపు మూసుకుంది.
తర్వాతి సీను సముద్రం.

మారిసెల్ వేలితో ఆపింది.
"మరి ఆవిడేం తింది?"

వెనక్కి తిప్పాం. మూడుసార్లు.
తలుపు సందులో, రెప్పపాటు,
గట్టు మీద బోర్లించిన గిన్నె ఒకటి.
కింద ఏముంది?
పొద్దుటి అన్నం, అంది దిల్‌మాయ.
చేప తలకాయ, వాళ్ళు తినరు, అసలు రుచి అదే, అంది కుముదిని.
ఏమీ ఉండదు, కడిగి బోర్లించారంతే, అన్నాను.
అన్నాక, ఎందుకన్నానా అనిపించింది.

మళ్ళీ ఎవరూ ప్లే నొక్కలేదు.
నేల మీద పేపరు పరిచి
నా నెత్తళ్ళ వేపుడు, దిల్‌మాయ గుంద్రుక్,
చేతిలో ముద్దయ్యే కొబ్బరి సంబోల్,
ఆఖర్న మారిసెల్ పులుసు.
మాటలు తక్కువ, మారు వడ్డనలు ఎక్కువ.
కూర్చుని తిన్నాం. అది చెప్పాలి.
కూర్చుని.

ఎనిమిదికి డ్రైవరు హారన్.
తొమ్మిదికి మేడమ్ ఇంట్లో పదహారు ప్లేట్లు,
మచ్బూస్ అడుగంటిన గుండిగ.
పన్నెండు దాటాక ఫోన్లో మారిసెల్ గొంతు, గుసగుసగా:
"చివరిదాకా చూశాను.
ఆ గిన్నె ఎవరూ ఎత్తలేదు."

వాషింగ్ మెషీన్ వెనక అరలో, సర్ఫు డబ్బా పక్కన
నా గిన్నె, బోర్లించి.
లైటు వేశాను. ఎత్తాను.
జామ్ సీసాలో ఆమె పోసిచ్చిన పులుసు,
పైకి తేరిన నూనె, ముల్లంగి ముక్కలు రెండు.

ఉప్పు కాస్త తక్కువైంది.
ఈసారి కలిసినప్పుడు చెప్పాలి.