తూము

నా కుడి బొటనవేలి కింద ఒక లెక్కల మర.
మనిషి లోపలికొస్తే ఒక టిక్కు.
దుబ్రోవ్నిక్ కోటలో, పాత ధాన్యపు కొట్టులో పెట్టిన
మా చిన్న మ్యూజియం తలుపు దగ్గర
పద్నాలుగేళ్లుగా నొక్కుతూనే ఉన్నాను.
వేలికి కాయ కాసింది.
ఓడ రాబోయే రోజున అది ముందే సలుపుతుంది.

ఇవాళ మూడు ఓడలు.

పొద్దున ఏడింటికి వీధి నాది.
పాదాలు రుద్ది రుద్ది అద్దం చేసిన రాతి నేల,
దాని మీద ఒక పిల్లి, ఒక చేపల బండి చప్పుడు.
తొమ్మిదింబావుకి ఇసుక వేస్తే రాలదు.
రొట్టె కొనడానికి వెళ్లి
దాన్ని నెత్తిమీద ఎత్తిపట్టుకుని, పక్కవాటుగా ఇల్లు చేరాను.
నేను ఆరేసిన దుప్పటికి ఎవరో ఫోటో తీస్తున్నారు.
తీసుకోనీ.
ఉతికింది మాత్రం నేను.

రెండో గదిలో అద్దాల పెట్టె ఉంది.
నిండా తలుపుగంటలు, పేర్ల పలకలు.
ఇత్తడివి, పింగాణీవి, ఒకటి చేత్తో రాసిన అట్టముక్క.
ఇల్లు అద్దె గదులుగా మారినప్పుడల్లా
మా నిక్షా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్తాడు,
పలక విప్పి, గోడలో మిగిలిన కన్నాలకి సున్నం మెత్తి వస్తాడు.
మూడో వరసలో నాలుగోది దేషాది.
మా పై అంతస్తు.
రాత్రి పదకొండుకి ఆవిడ చెప్పులు నా కప్పు మీద నడిచేవి.
ఇప్పుడు సూట్‌కేసు చక్రాలు నడుస్తున్నాయి.

ఒక కుర్రాడు అడిగాడు, నొక్కితే మోగుతుందా అని.
నియమం కాదు, అయినా పెట్టె తెరిచాను.
మోగలేదు.
ఎవరైనా వచ్చి తలుపు తీస్తారేమోనని
వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మేమేం తక్కువ తినలేదు.
రేవులో మా పోస్టర్లూ ఉండేవి: రండి, రండి.
ఎన్ని టిక్కులైతే అంత నిధులు.
ఒక ఆగస్టులో, మెట్ల మీద, ఊపిరాడక
ఒక ముసలాయన నా ఒళ్లోకి ఒరిగిపోయాడు.
అప్పుడు కూడా నా వేలు నొక్కుతూనే ఉంది.

ఆ రాత్రి మీటింగులో నిక్షా అన్నాడు:
"గోడ కట్టడం ఈ ఊరికి వచ్చు.
తూము పెట్టడం ఇంకా రాలేదు."

అప్పట్నించి లోపల అరవైమందికి మించి లేదు.
తెడ్లు, వల అల్లే సూదులు గ్రూజ్ రేవు షెడ్డుకి వెళ్లాయి,
తిరగలి రాళ్లు కొండవతల పాత పిండిమరకి.
టికెట్ వెనక బస్సు నంబరు.
"నాకున్నవి నాలుగ్గంటలే," అని ఒకావిడ నా మీద అరిచింది.
నిజమే. నాలుగ్గంటలు, తొమ్మిది చోట్లు,
కాలికి పొక్కు.
నా స్టూలు ఆవిడకిచ్చాను.
నీళ్లు తాగి, గంటల పెట్టె ముందు చాలాసేపు కూర్చుంది.
మిగతా ఎనిమిదీ చూసిందో లేదో తెలీదు.

తర్వాతి వారం పిండిమర పక్కింటి యెలె ఫోన్ చేసింది:
"మీ వరదని నా గుమ్మంలోకి మళ్లించారా?"
డెబ్బైమంది ఆమె అత్తిచెట్టు కింద చేరి
కోళ్లకి చిప్స్ వేశారట.
మా దగ్గర జవాబు లేదు.
తూముకి అవతల కూడా ఎవరిదో పొలం ఉంటుంది.
ఇప్పుడక్కడికి ముప్ఫైమందే. మంగళవారం ఎవరూ వద్దు,
ఆమె బట్టలుతికే రోజు.

గురువారం, ఆఖరి ఓడ కూత వేసి వెళ్లాక
ఊరివాళ్లకి తలుపు తీస్తాం. టికెట్ లేదు.
మొన్న పదకొండుమంది వచ్చారు.
రొట్టెలాయన నీళ్ల పైపు గురించి పోట్లాడ్డానికి వచ్చాడు.
దేషా వచ్చింది, గోడవతలి ఫ్లాట్ నించి
రెండు బస్సులు మారి.
తన గంట చూసుకుంది. పలక మీది దుమ్ము
చీర్ణపు చేతిరుమాలుతో తుడిచింది. నొక్కింది.

నిక్షా ఎప్పుడు పెట్టాడో బాటరీ,
బొంగురుగా మోగింది.

"ఎవరూ?" అన్నాను, పక్కగదిలోంచి, పాత అలవాటున.

"నేనేలే. తియ్యి."

నా వేలు లేచి, ఆగింది.